బంగ్లాకు మొలిచిన అర్ర

దేవిదాస్ రోజూ పొద్దున బాన్సువాడ బస్టాండు ఎదురుగా చాయ్ తాగి, ఎడమ మోకాలికి కాసేపు నచ్చజెప్పుకొని, మధుకర్ వాళ్ల బంగ్లాకు నడిచి వెళ్తాడు. భుజానికి సంచి, సంచిలో టేపు, టార్చిలైటు, ఒక ఎర్ర సుద్దముక్క. పాత ఇంగ్లీషు ఫ్యాషన్ బంగ్లాలను చూసి ఇది ఏ కాలపు పద్ధతి, ఇందులో అసలుది ఏది, తర్వాత అతికించింది ఏది అని తేల్చడం, ఆ ప్రకారం బాగుచేయించడం ఆయన పని. ఊటీలో చేశాడు, సికింద్రాబాద్‌లో చేశాడు. పుట్టింది ఇక్కడికి దగ్గరి డోంగ్లిలోనే అయినా అక్కడ ఇప్పుడు ఆయనకంటూ గోడ కూడా లేదు. లాడ్జి గదుల్లోనే అరవైకి దగ్గరపడ్డాడు. ఈ మధ్య నిద్ర లేవగానే తను ఏ ఊళ్లో ఉన్నాడో గుర్తు రావడానికి కొంచెం సేపు పడుతోంది.

బంగ్లా మెట్లు మరీ ఎత్తు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, కట్టించినాయనను మనసులో తిట్టుకుంటూ ఎక్కుతాడు. కట్టించింది మధుకర్ ముత్తాత, గుత్తేదారు. ఎక్కడో ఒక తెల్ల ఇంజనీరు బంగ్లా చూసి ముచ్చటపడి అట్లాంటిదే లేపాడు. అప్పటికి విక్టోరియా రాణి పోయి చాలా కాలమైంది, ఆమె ఫ్యాషన్ ఇంగ్లండులోనే పాతబడిపోయింది. అయినా బాన్సువాడకు ఏదైనా కాస్త ఆలస్యంగానే వస్తుంది. నిటారు కప్పు, చూరుకు లేసు అల్లినట్టు చెక్కపని, ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ, రంగుటద్దాలు. హాల్లో చలిమంట గూడు కూడా పెట్టించాడు మహానుభావుడు. ఇక్కడి ఎండలకు దాంట్లో మంట ఎవరు వేస్తారు? వెనక గదిలో ఉండే లచ్చవ్వ అందులో బీడీల తునికాకు కట్టలు పెట్టుకుంటుంది.

ఆ ఇల్లు పెరుగుతుంది. వాడకంతా తెలిసిన సంగతే. వానలు బాగా పడ్డ ఏడు కొత్త కిటికీ వస్తుంది. పసిబిడ్డ పుడితే దూలానికి ఉయ్యాల కొక్కెం మొలుస్తుంది. ఒకసారి బాల్కనీ పెరిగి పక్కింటి గోడ మీదికి పోతే ఆ ఇంటాయన తగువుకు వచ్చాడు. వేపకొమ్మ కొట్టించినట్టు కొట్టించి సర్దుబాటు చేసుకున్నారు. దేవిదాస్‌కు కూడా అదేం వింత అనిపించలేదు. ఆయన చికాకల్లా, ఇట్లా మొలుచుకుంటూ పోతే అసలు ఇల్లు ఎక్కడ ఆగిందో తేల్చడం ఎట్లా అని.

తేల్చక తప్పదు. నిజాంసాగర్ చూడవచ్చేవాళ్లకు విడిదిగా నడుపుతామని ఒక హైదరాబాద్ కంపెనీ మధుకర్‌ను అడిగింది. ఒకటే షరతు. ఇల్లు అచ్చంగా విక్టోరియా పద్ధతిలో ఉండాలి, మొదట లేనిదేదీ ఉండకూడదు. అందుకే దేవిదాస్ తర్వాత మొలిచిన ప్రతిదాని మీదా సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడుతున్నాడు. గుర్తు పెట్టినదల్లా వచ్చే వారం కూల్చేస్తారు.

ఆ రోజు వెనకవైపు మిగిలింది లచ్చవ్వ అర్ర. మొగుడు పోయాక చంకలో బిడ్డతో బీర్కూర్ నుంచి వచ్చిన లచ్చవ్వను మధుకర్ నాయనమ్మ వరండాలో పడుకోమంది. ఆ వానాకాలమే వెనక గోడకు ఈ అర్ర మొలిచింది. తూర్పున కిటికీ, చేయి చాస్తే అందే గూళ్లు. బిడ్డ పెండ్లయి జుక్కల్‌లో కాపురముంది. లచ్చవ్వ మాత్రం ఇక్కడే చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ ముసలిదైంది.

దేవిదాస్ టార్చి వేసి చూశాడు. ఆమె వెనక గోడలో లోతుగా ఒక పల్లం.

"గోడ కుంగింది అక్కా."

"కుంగలే సారూ. నాకు నడుము నొస్తదని అట్ల వచ్చింది." లచ్చవ్వ వెనక్కి ఆనుకొని చూపించింది. పల్లం ఆమె వీపుకు సరిగ్గా సరిపోయింది.

ఆయన తలుపు మీద ఇంటూ గీశాడు.

"గిది గూడ తీస్తరా?"

"మొదట లేదు గదక్కా."

"అవు, లేకుండె." ఆమె చుట్టిన బీడీకి దారం కట్టి చాటలో పడేసింది. "మధు కిరాయి అర్ర చూసిండు. మిద్దె మీదనంట. ఎక్కుడు దిగుడు ఎట్లనో ఏమో. ఫికర్ చేస్తే అయితదా? చాయ్ తాగుతవా సారూ?"

నాలుగు తిట్లు తిట్టి ఉంటే దేవిదాస్‌కు హాయిగా ఉండేది. ఎన్ని ఊళ్లలో ఎన్ని వంటిళ్లు, ఎన్ని చావిళ్లు ఈ సుద్దముక్కతో పడగొట్టించాడో! పనంటే విసుగు పుట్టలేదు గానీ, గుర్తు పెట్టాక అవతలివాళ్ల మొహం చూడటం మాత్రం ఇక తన వల్ల కావడం లేదు.

సాయంత్రం మధుకర్ వచ్చాడు. గుర్తులన్నీ చూసుకుంటూ "పోనీ, పోనీ" అని తలూపుతూ నడిచాడు. నడిమింట్లో నేలకు జానెడు ఎత్తున ఉన్న చిన్న కిటికీ దగ్గర ఆగిపోయాడు. దాని మీదా ఎర్ర ఇంటూ ఉంది.

"గిది ఎందుకు సార్?"

"గంత కిందికి కిటికీ ఎవరు పెడతరు? పిల్లి దూరడానికా? తర్వాత వచ్చిందే."

మధుకర్ నేల మీద కూర్చుని, తర్వాత ఏకంగా పడుకొని అందులోంచి చూశాడు. రోడ్డు మీద బీర్కూర్ బస్సు పోతోంది. "చిన్నప్పుడు చెరుకు ట్రాక్టర్ మీదికెల్లి పడ్డ సార్. కాలు విరిగింది. యాడాది కింద పరుపు మీదనే. లేవరాక ఏడుస్తుంటే గిది వచ్చింది. గీ బస్సులు చూసుకుంటనే బతికిన." లేచి చొక్కా దులుపుకున్నాడు. "దీని మీది గుర్తు తుడిచెయ్యిండ్రి. మొదటి సంది ఉన్నదే అని చెప్పుండ్రి."

"మరి లచ్చవ్వ అర్ర?"

మధుకర్ మొహం తిప్పుకున్నాడు. "దానికి దీనికి ఏం సంబంధం? రేపు కంపెనీ మేడం ఫోన్ చేస్తది. మిగిలినదంతా అసలు విక్టోరియాదే అని మీరు ఒక్కమాట చెప్తే అయిపోతది."

మర్నాడు దేవిదాస్ చాయ్ కూడా తాగకుండా వచ్చాడు. ఆ ఒక్కమాట చెప్పేసి, సంచి సర్దుకొని, మధ్యాహ్నం బస్సుకు పోవాలనుకున్నాడు. తలెత్తి చూసి మెట్ల ముందే నిలబడిపోయాడు. ప్రతి రెండు మెట్ల మధ్యా ఒక సగం మెట్టు వచ్చింది. ఎడమ వైపు, ఆయన చేతికి అందేటంత ఎత్తులో, నున్నటి కర్ర కమ్మీ పెరిగి ఉంది.

పైన వరండాలో లచ్చవ్వ సర్దుకున్న మూట పక్కన కూర్చుంది. "నువ్వు నిన్న పోయినంక వచ్చింది సారూ. ఇంక తడిగున్నది, చూసుకొని ఎక్కు."

అలవాటుగా సుద్దముక్క చేతిలోకి వచ్చింది. మొదట లేనిది గదా. వంగాడు గానీ గీయలేకపోయాడు. కమ్మీ పట్టుకొని ఒక్కో సగం మెట్టు ఎక్కాడు. మోకాలు కిక్కురుమనలేదు. పైకి చేరేసరికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో ఏ ఇల్లూ తనను పట్టించుకున్నది లేదు.

మధుకర్ ఫోను పట్టుకొని లోపలినుంచి వచ్చాడు. "మేడం లైన్ల ఉన్నది. చెప్పుండ్రి సార్."

దేవిదాస్ ఫోను అందుకున్నాడు. "మేడం, కట్టుడు అయిపోయిన ఇల్లయితే ఏ పద్ధతో చెప్తం. గిది ఇంక అయితనే ఉన్నది. అయిపోయినంక చెప్త." అవతల ఆమె ఏదో అడుగుతుండగానే ఫోను తిరిగి ఇచ్చేశాడు.

మధుకర్ మొహం ఎర్రబడింది. "ఏంది సార్ గిట్ల జేస్తిరి?" అని అరిచి, విసవిసా మెట్లు దిగబోయాడు. చిన్నప్పుడు విరిగి, వానాకాలం వస్తే పీకే కాలు సగం మెట్టు మీద మెత్తగా ఆనింది. ఇంకోటి దిగాడు. ఆగాడు. వెనక్కి తిరిగి కమ్మీ వంక, లచ్చవ్వ మూట వంక చూసి, అక్కడే కూలబడ్డాడు. ఫోను కట్ చేసి జేబులో వేసుకున్నాడు.

"లచ్చవ్వను మూట ఇప్పుకోమనుండ్రి సార్," అన్నాడు తల ఎత్తకుండా.

దేవిదాస్ తడిగుడ్డ తెచ్చి అర్ర తలుపు మీది గుర్తు తానే తుడిచాడు. తర్వాత మిగిలినవీ తుడిచాడు. మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. ఆయన వరండాలో గోడకు ఆనుకొని, కాళ్లు చాపుకొని కూర్చున్నాడు.

లచ్చవ్వ చాయ్ తెచ్చింది. "తాగు తమ్మీ. నా అర్ర పక్కన గోడ ఉబ్బుతున్నది, చూసినవా? వానలు పడేసరికి ఇంకో అర్ర వచ్చేటట్టున్నది. నీకు కిటికీ ఎటు కావాల్నో అనుకో మరి."

ఎన్నో ఇళ్ల కిటికీలు ఎటు ఉండాలో ఇట్టే చెప్పిన దేవిదాస్ ముందు తూర్పుకు, తర్వాత రోడ్డు వైపుకు తల తిప్పి చూశాడు. చాయ్ చల్లారిపోయేదాకా అదే ఆలోచిస్తూ కూర్చున్నాడు.