సన్నగా పాడిన చరణం

భూలక్ష్మి గొంతు ఆపరేషన్‌లో పోయి ఏడాది దాటింది. పదేళ్ల కింద తెలంగాణ సభల్లో ఆమె పాడిన పాటలు ఒక్క క్యాసెట్‌లోనే మిగిలాయి. సకల జనుల సమ్మె నడుస్తోంది. హైటెక్ సిటీ ర్యాలీకి ఆ పాటలను సీడీగా తెద్దామని వినయ్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పూనుకున్నాడు.

మణికొండలో ఈశ్వరయ్య రికార్డింగ్ స్టూడియోకి ఆమెను భర్త లింగమూర్తి తన ఆటోలో తీసుకొచ్చాడు. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చింది ఈశ్వరయ్యే. దాన్ని వినయ్ ఇంటి దగ్గర సాఫ్ట్‌వేర్‌తో మొత్తం ఒకే తీరుగా గట్టిగా వినపడేలా చేసి తెచ్చాడు.

పాట మొదలవగానే లింగమూర్తి కళ్లు తుడుచుకున్నాడు. భూలక్ష్మి కదలకుండా వింది. మూడో చరణం తన తమ్ముడు ఉద్యమంలో చనిపోయినప్పుడు ఆమె కట్టుకున్నది. అక్కడ ఆమె గొంతు దించి, నిద్రపోయేవాడి చెవిలో చెప్పినట్టు పాడేది. ఇప్పుడది కూడా నినాదంలా మోగింది. ఆమె లేచి స్పీకర్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది నేను కాదంటుంది," అన్నాడు లింగమూర్తి.

వినయ్ ముఖం మాడిపోయింది. "అక్కా, ర్యాలీలో మైకుల్లో వినపడాలె కద. గిప్పుడు వచ్చే ఆల్బమ్‌లన్నీ గిట్లనే ఉంటయి."

"క్యాసెట్లప్పుడు సన్న గొంతు సన్నగనే ఉండేది," అన్నాడు ఈశ్వరయ్య. "సీడీలొచ్చినంక ఎవరి పాట గట్టిగుంటే వాళ్లదే పాటన్నరు. ఇగ ఫోన్లొచ్చినంక అన్నిటినీ ఒక్క తీరు చేస్తున్నం. నేను ఎక్కించిచ్చిన కాపీ తియ్యి, మల్ల చేద్దాం."

వినయ్ తలదించుకున్నాడు. ఆ కాపీ మీదే ఈ పాటను సేవ్ చేశాడు, పాతది చెరిగిపోయింది. ఈశ్వరయ్య దగ్గర ఇంకోటి లేదు.

మళ్లీ క్యాసెట్ పెట్టారు. టేపు తేమ పట్టి బంక బంకగా ఉంది. రెండో చరణం అయిపోతుండగా కరెంటు పోయింది. బొగ్గు గనుల్లో కూడా సమ్మే, అందుకే ఆ కోతలు. టేపు డెక్కులో అతుక్కుపోయింది. ఈశ్వరయ్య ఎంత మెల్లగా లాగినా తెగింది. తెగిన చోట పాట ఉండే పూత ఊడి అతని వేలికి అంటుకుంది. భూలక్ష్మి ఆ వేలినే చూస్తూ నిలబడింది. ఏడవడానికి కూడా ఆమెకు శబ్దం లేదు.

కరెంటు వచ్చాక ఆమె కుర్చీ లాక్కుని ఈశ్వరయ్య పక్కన కూర్చుంది. వినయ్ తెచ్చిన పాటనే పెట్టమని సైగ చేసింది. మూడో చరణం దగ్గర అరచెయ్యి కిందికి దించింది. ఆ చెయ్యి దిగినంత మేర ఈశ్వరయ్య వాల్యూమ్ దించాడు. మాట మాటకూ అలాగే, ఎక్కడ ఆగాలో, ఎక్కడ లేవాలో చేత్తోనే చూపింది. చాలాసేపటికి పాట తగ్గింది. కానీ సాఫ్ట్‌వేర్‌లో పోయిన ఆమె ఊపిరి చప్పుడు మాటల మధ్య తిరిగి రాలేదు.

"ఇంతకంటే నాతోని కాదు చెల్లె," అన్నాడు ఈశ్వరయ్య.

ర్యాలీలో వినయ్ గట్టి పాటే వేశాడు. జనం వంత పాడారని వచ్చి చెప్పాడు. భూలక్ష్మి వెళ్లలేదు. నానక్‌రామ్‌గూడలో కిరాయి గదిలో కూర్చుని, ఈశ్వరయ్య తగ్గించిన పాటను ఫోన్‌లో పెట్టించుకుంది. మూడో చరణం వచ్చేసరికి పక్కనే కడుతున్న టవర్ మోతలో ఏమీ వినపడలేదు. లింగమూర్తి ఫోన్ తీసి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు.