నాలుగు సాళ్ల పిందెలు

నాలుగు సాళ్లలో ఒక్క పిందె లేదు.

గీత సంచి గట్టు మీద పడేసి పత్తి చేన్లోకి దిగింది. హైదరాబాదు నుంచి గద్వాల దాకా బస్సులో నిలబడే వచ్చింది. పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఒక్కో మొక్కనూ వంచి చూసింది. పిందె ఉండాల్సిన చోట తెంపిన కాడ మొండిగా కనిపించింది. పక్క మొక్కా అంతే. సాలు చివరిదాకా అంతే. గట్టు కింద రాలినవీ తెంపినవీ కలిపి కుప్పపోసిన పిందెలు ఎండకు నల్లబడి ముడుచుకుపోయాయి.

"వచ్చినవా బిడ్డా," అంటూ పై సాళ్లలోంచి రూతమ్మ లేచింది. కొంగుతో మొఖం తుడుచుకుంటూ నవ్వుతోంది. "చూసినవా, ఎంత సాపుజేసినమో. నిన్న ఐతారం, ప్రార్థన గాంగనే బాలనాగమ్మను ఎంటబెట్టుకోని వచ్చిన. నీ సాళ్లల్ల దారం కట్టని పిందెలు ఎన్ని ఉన్నయంటవ్. శ్రీశైలం చూస్తే తిడతడని అన్ని తెంపేసినం. కూలి గూడ అడగలే."

గీత వంగి కుప్పలోంచి ఒక ఎండిన పిందెను తీసింది.

విత్తన పత్తిలో పని చేసేవాళ్లకు అది వేళ్లలో ఇంకిపోయిన అలవాటు. మధ్యాహ్నం ఆడమొగ్గల పైరేకులు గిల్లాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి పుప్పొడి రాయాలి. రాసిన ప్రతి పువ్వుకూ దారం కట్టాలి. దారం లేకుండా తనంతట తాను కాసిన పిందె కనపడితే తెంపి పారెయ్యాలి, లేకపోతే విత్తనం కల్తీ అవుతుంది. రూతమ్మ ఇరవై ఏళ్లుగా ఇటిక్యాల నుంచి గట్టు ఊరి దాకా ఎన్నో చేలల్లో చేసిన పని అది. ఈ చేనికి ఆమె, బాలనాగమ్మ రావడం మాత్రం నిన్ననే. ఈ నాలుగు సాళ్లను ముట్టుకోవద్దని గీత చేను ఆసామి శ్రీశైలానికి చెప్పింది, పాత కూలీలకు చెప్పింది. అమ్మకు చెప్పాల్సిన అవసరం వస్తుందనుకోలేదు.

"మాట్లాడవేందే డాక్టరమ్మా?" బాలనాగమ్మ నడుము పట్టుకుని లేచింది. "పూల డాక్టరువి నువ్వు. నా నడుముకు మందియ్యవు, పూలకేం రోగమొస్తదో నాకు తెల్వదు."

పక్క సాళ్లలో పని చేస్తున్న పిల్లలు కిసకిసా నవ్వారు. పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలు. వాళ్ల వేళ్ల కొసలు పగిలి నల్లగా ఉన్నాయి. దినానికి ముప్పై అయిదు రూపాయల కూలి. ఈ నెల శ్రీశైలం అందులో పది కోశాడు. దారం కట్టిన పిందెలు రాలిపోతున్నాయి. విత్తన కంపెనీ తనను అడుగుతోందని, కూలోళ్ల చేతులు సరిగ్గా ఆడటం లేదని అతని మాట.

గీత పట్టిన పరిశోధన సరిగ్గా అదే. పిందె రాలడానికి కారణం చేతులా, ఎండా? చెయ్యి తగలని పువ్వులు కూడా అదే ఎండలో అట్లాగే రాలితే, తప్పు చేతిది కాదు. అందుకే నాలుగు సాళ్లు ఎవరూ ముట్టకుండా విడిచిపెట్టింది. వాన లేని గడిచిన కొన్ని వారాల్లో పూసిన ప్రతి పువ్వునూ లెక్కపెట్టింది. నిలిచిన పిందెలను సోమవారం లెక్కపెట్టాలి. శుక్రవారమే హైదరాబాదు నుంచి పీహెచ్‌డీ గైడు సారు కబురు పెట్టాడు. డిగ్రీ జవాబు పత్రాలు దిద్దాలి, వెంటనే రమ్మని. ఆయన పేరు మీద వచ్చిన పత్రాలు ఆమె దిద్దింది.

ఈ రోజు సోమవారం.

"అమ్మా, ఇవి ఉండాల్సినయ్," అంది గీత మెల్లగా. "వీటినే లెక్కబెట్టాలె. ఇప్పుడు ఏది రాలిందో, ఏది తెంపిందో తెల్వది."

రూతమ్మ నవ్వు ఆగింది. "మల్ల పూస్తయి గద బిడ్డా."

"పడమట మబ్బు పట్టింది. ఇగ పూసినా ఆ ఎండ రాదు."

అయిజ రోడ్డు మీద హోటల్లో రూపాయి బిళ్లల ఫోను ఉంది. గీత వెనకే రూతమ్మ కూడా నడిచింది.

ఫోనులో సారు అంతా విన్నాడు. కోప్పడలేదు.

"పోతే పోయాయిలే. నిరుడు వదిలేసిన సాళ్ల లెక్క నీ దగ్గరుందిగా, అదే వెయ్యి. కాస్త అటూ ఇటూ మార్చు."

"నిరుడు వానలు బాగా పడ్డాయి సార్. పిందె నిలిచింది. ఈ ఏడు పుప్పొడి రాసిన పూల లెక్క పక్కన దాన్ని పెడితే, కూలీల చేతిదే తప్పని తేలుతుంది."

"తేలనీ. ఈ పరిశోధనకు డబ్బులిచ్చే కంపెనీ కూడా అదే అంటోంది. థీసిస్ పరీక్షించేవాళ్లు మీ చేనికొచ్చి చూస్తారా? డిసెంబరులో నేను రిటైరవుతున్నా. తర్వాత నిన్ను ఎవరు తీసుకుంటారు? మీ ఇళ్లలోంచి ఇక్కడిదాకా రావడమే గొప్ప. చేజేతులా పాడుచేసుకోకు. అరగంటలో ఆలోచించి చెప్పు."

గీత హోటలు బల్ల మీద కూచుంది. పీహెచ్‌డీలో చేరిన రోజు, ఒక ప్రశ్న అడిగి దాని జవాబు కోసం ఓపికగా కాచుకోవడమే ఈ చదువు అనుకుంది. సారు ఇంటికి గ్యాసు బండ తేవడం, వాళ్ల పాపకు లెక్కలు చెప్పడం, మూడో ఏడు తర్వాత ఫెలోషిప్పు ఆగిపోవడం, తనతో చదివినవాళ్లు గద్వాల కాలేజీల్లో సుద్దముక్క పట్టి ఇల్లు గడుపుకుంటుంటే తాను ఇంకా విద్యార్థిగానే మిగలడం, ఇవన్నీ కూడా అందులో ఉంటాయని ఎవరూ చెప్పలేదు. అయినా ఓర్చుకుంది. అన్నిటి చివరా ఆ జవాబు ఉంటుందని.

"ఏమన్నడు?" రూతమ్మ అడిగింది.

చెప్పింది.

"అంటే, మేం పని సక్కగ చెయ్యలేదని రాయాల్నా?"

"అట్లనే తేలుతది."

రూతమ్మ రోడ్డు కేసి చూసింది. విత్తన బస్తాల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"రాయి," అంది. "ఇరవై ఏండ్ల సంది మమ్మల్ని అంటనే ఉన్నరు. కాయితం మీద ఇంకొకపారి అంటే మా తోలు ఊడదు. పిందెలు తెంపింది నేను. నువ్వన్న గట్టెక్కు బిడ్డా."

"బాలనాగమ్మకు గూడ గిదే చెప్తవా?"

"దానికి చదువొస్తదా. దానికేం తెలుస్తది."

"తెల్వకపోతే రాయొచ్చా?"

రూతమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేయబోయి, ఆ చేతిని చూసుకుని వెనక్కి తీసుకుంది.

గీత లేచి ఫోను దగ్గరికి వెళ్లింది. బిళ్ల వేసింది. ఇంత పెద్దవాళ్లకు ఆమె ఎప్పుడూ కాదని చెప్పలేదు.

"సార్, ఆ లెక్క నేను రాయను."

"మరి ఏం రాస్తావు?"

"సాళ్లు పాడయినయని రాస్త. ఎట్ల పాడయినయో గూడ రాస్త." కంగారులో ఇంటి భాషే వచ్చేసింది. సర్దుకోలేదు.

"అలాంటి దాని మీద నేను సంతకం పెట్టను."

"తెలుసు సార్."

అవతల సారు ఫోను పెట్టేశాడు.

ఇద్దరూ చేనికి తిరిగొచ్చేసరికి మొగ్గలు గిల్లే వేళ అయింది. పిల్లలు అప్పటికే వంగి సాళ్లు పట్టారు. గట్టు మీంచి శ్రీశైలం కేకేశాడు.

"ఏంది రూతమ్మా, అట్ల నిలబడ్డవు? రేపటికి పూలు తయారు గావాల్నా వద్దా? ఇయ్యాల గూడ పిందె రాలితే ఇంకో అయిదు కోస్త, మల్ల నన్ననొద్దు."

రూతమ్మ సాలు మొదట్లో నిలబడింది. ఎదురుగా గిల్లడానికి పదునుకొచ్చిన మొగ్గలు వరసగా ఉన్నాయి. చెయ్యి చాపి ఒక మొగ్గను పట్టుకుంది, గిల్లలేదు. వదిలేసి పక్కదాన్ని పట్టుకుంది. దాన్నీ వదిలేసి తన వేళ్లకేసి చూసుకుంది. గీత పక్క సాల్లో నిలబడి అమ్మనే చూస్తోంది. గాలి చల్లబడింది. దూరంగా గట్టు ఊరి వైపు వాన మొదలైంది.