లండన్ దెబ్బ

క్యాసెట్ల కాలం అది. పాటలో మాటలు మరిచిపోయినవాడికి కూడా మధ్యలో వచ్చే డ్రమ్ము ముక్క మాత్రం నోట్లో ఆడేది. సికింద్రాబాద్‌లో అలా ఆడిన ముక్క ఆర్థర్ ఆర్కెస్ట్రాది. రెండో చరణానికి ముందు వాయిద్యాలన్నీ ఆగేవి, డ్రమ్మర్ లూకా ఒక్కడే కొట్టేవాడు. పెళ్ళిళ్ళలో కోటు వేసుకున్న పెద్దమనుషులు సుత ఎగిరేవాళ్ళు.

"లండన్ రికార్డు నుంచి దించాం," అని ఆర్థర్ ప్రతిసారీ మైకులో కోతలు కోసేవాడు.

అది లండనూ కాదు, లంకా కాదు. సీతాఫల్‌మండిలో లూకా నాయన బిక్షం శవాల ముందు కొట్టిన డప్పు. దింపుడు కళ్ళం దగ్గర పాడె దింపి, చచ్చినవాడి చెవిలో పేరు పిలిచి, పలకకపోతే మళ్ళీ భుజాలకెత్తుతారు. ఆ ఎత్తేటప్పటి దెబ్బ అది. దానికి పెళ్ళికొడుకులు చిందులేస్తున్నారు!

ముప్పై ఏళ్ళ హిట్టు దెబ్బలన్నీ వరుసగా వాయించే పెద్ద ప్రోగ్రామ్ ఒకటి పెట్టాడు ఆర్థర్. బిక్షం మొదటిసారి వినడానికి వస్తున్నాడు. ఆ ఒక్కరోజు ఆయన పేరు చెప్పమని లూకా అడిగాడు.

చావు డప్పని తెలిస్తే పెళ్ళిళ్ళకు ఎవడు పిలుస్తాడని ఆర్థర్ కసిరాడు. గుంటూరు వైపు తన తాత ఏ డప్పు మోశాడో మరిచిపోవడానికే ఆయన మెడకు టై బిగించింది.

"చచ్చినోని పేరే చెవుల పిలుస్తరు సార్," అన్నాడు లూకా. "బతికున్నోని పేరు ఒక్కపారి పిలువరాదా?"

పిలవలేదు. హాలు నిండింది. అరవైల ట్విస్టు అయింది, డెబ్భైల డిస్కో అయింది. "ఇక మన లండన్ దెబ్బ," అన్నాడు ఆర్థర్. పాట నడిచింది, వాయిద్యాలు ఆగాయి. లూకా పుల్లలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆర్థర్ కళ్ళురిమాడు. జనం కాసేపు చూశారు. తర్వాత కుర్చీల మీద వాళ్ళే ఆ ముక్క కొట్టారు, ఒక్క దెబ్బ తప్పకుండా.

"లండన్‌లో కూడా ప్రేక్షకుల చేత ఇలాగే వాయిస్తారు," అన్నాడు సిగ్గులేని ఆర్థర్.

ముందు వరుసలో బిక్షం అలవాటుగా లేచి నిలబడ్డాడు. "లేపిన్రు గదా పాడె. ఇగ నడువుండ్రి."

శవం వెనుక నడిచినవాళ్ళకు అర్థమైంది. ఒక్కొక్క చెయ్యీ కుర్చీ మీద ఆగిపోయింది. లూకా మైకు తనవైపు లాక్కుని, "మా నాయన బిక్షం. ఈ దెబ్బ ఆయనది," అని దిగి, నాయనను పట్టుకుని బయటికి నడిచాడు.

ఆర్థర్ కొత్త డ్రమ్మరును పెట్టుకున్నాడు. నేరేడ్‌మెట్ పెళ్ళిలో జనం బిక్షం దెబ్బ కావాలని పట్టుబట్టారు. చావు డప్పని తెలిసే అడిగారు, ఎగరాలని అడిగారు. కొత్తవాడికి అది రాలేదు. వెక్కిరింతలు తిని, మర్నాడే ఆర్థర్ సీతాఫల్‌మండి గల్లీలోకి వచ్చి, లూకా గడప ముందు టై సర్దుకుంటూ నిలబడ్డాడు. కొత్తవాడికి ఆ దెబ్బ నేర్పమని అడిగాడు. ఇప్పుడు కూడా బిక్షం పేరు నోట రాలేదు.

"లండన్ పో సార్," అన్నాడు లూకా. "ఆడ దొరుకుతది."