నూనె తాగిన చేను

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను, చెయ్యి ఇంకా నెమ్మదిగానే సాగుతుంది.

మా చేను పక్కనుంచి వెళ్లే ముడినూనె గొట్టం పగిలి, నూనె చేలోకి పారింది. కంపెనీవాళ్లు పైమట్టి గీకేసి, ఇక విత్తుకోవచ్చని చెప్పి వెళ్లిపోయారు. మొదటిసారి వేసిన మొక్కజొన్న మొలవనే లేదు. ఇంట్లో మిగిలింది ఒక్క కుండెడు విత్తనం. మా ఆయన ఏటా మేలైన కంకులు ఏరి నిలబెట్టిన రకం అది. ఆయన పోయాక ఆ పని నాదయింది. అది పోతే మళ్లీ ఎక్కడా దొరకదు.

మా మరిది కుండ మీద చెయ్యి వేశాడు.

"ఆగవయ్యా! ముందు పిడికెడు వేసి చూద్దాం."

"విత్తనం మంచిదే కదొదినా! తడిగుడ్డలో కడితే అన్నీ మొలిచాయిగా?"

"అది గుడ్డ సంగతి. మరి మట్టి సంగతో?"

"నాలుగక్షరాలు వచ్చాయో లేదో, మట్టికి కూడా పరీక్ష పెడుతున్నావే!" అని నవ్వాడు. అయినా చేలో మట్టి బొక్కెనకెత్తి తెచ్చింది తనే. నీళ్లు పోస్తే ఇంకలేదు. రంగురంగుల తెట్టు కట్టి పైనే నిలిచాయి.

అయినా ఆ బొక్కెనలోనే పిడికెడు గింజలు వేశాం. కొన్నాళ్లకు ఏవో కాసిని మొలకలు తలెత్తాయి.

"చూశావా వదినా, మొండి గింజలు! అచ్చం నీలాగే!"

నాకూ ప్రాణం లేచొచ్చింది. అయినా ఆకు విప్పుకునేదాకా ఆగుదామన్నాను. జ్వరంతో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి వెళ్లాను. ఈలోగా వాన పడింది. నేను తిరిగొచ్చేసరికి కుండ బోర్లించి ఉంది.

"అదును పోతుందని నాలుగు రోజుల కిందటే వేసేశానొదినా" అన్నాడు మరిది, చేతులు తుడుచుకుంటూ.

బొక్కెనలో మొలకలు పసుపు పచ్చగా పాలిపోయాయి. ఒకటి పీకి చూశాను. వేరు లోపలికి దిగలేదు. కాలిన వత్తిలా నల్లబడి ముడుచుకుపోయింది. మరిది చేతిలో పెట్టాను.

ఇద్దరం చేలోకి పరుగెత్తాం. మోకాళ్ల మీద కూలబడి చాళ్లు గోళ్లతో తవ్వాం. దొరికిన గింజలు చాలావరకు మెత్తబడిపోయాయి. నలిపితే నూనె కంపు.

"తిట్టు వదినా!"

"తిడితే మొలుస్తాయంటే గొంతు పోయేదాకా తిడతానయ్యా. తవ్వు."

గట్టిగా ఉన్నవాటిని సబ్బునీళ్లతో కడిగి, పెరటి మట్టిలో పెట్టాం. అవీ రాలేదు.

గింజలమ్మ అంటారు నన్ను. అరవై ఎనిమిదేళ్లు. చేను బీడైపోయాక, ఇప్పుడు ఉంటున్నది మా చెల్లెలింట్లో, మేడ మీద గదిలో.