మా బోరు కోతలు కోయదు

మా వీధిలో నన్ను కోతల తాత అంటారు. నేను పట్టిన చేప తోక విదిలిస్తే చెరువు గట్టు తెగిందని చెప్పాను ఒకసారి. నవ్వారు. నవ్వాలనే చెప్పాను. కానీ మా పెరటి బోరు ఏనాడూ కోతలు కోయలేదు.

ఆ నీళ్లతో పాలపొడి కలిపి పట్టేసరికి పసిగుడ్డు, నా మనవరాలి పెదాలు నీలం తిరిగాయి. గండం గడిచింది. "ఎరువుల గోదాము పక్కనే కదా, నీళ్లలోకి నైట్రేట్ దిగింది. ఇక చుక్క కూడా పట్టకండి," అంది డాక్టరమ్మ. మంచినీళ్ల ట్యాంకరు రావాలంటే, నీళ్లు చెడిన చోట్లు చూపే సర్కారు మ్యాపులో మా వీధి ఎర్రగా ఉండాలట. పచ్చగా ఉంది.

నీటి పరీక్షల ఆఫీసులో ఆ మ్యాపు తీసేది మా చెల్లెలి కొడుకే. వెళ్లి వాడి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

"నెలనెలా మా బోరు నీళ్లు సీసాలో పట్టుకుపోతున్నారు. తాగేస్తున్నారా ఏమిటి?"

"పరీక్ష చేస్తున్నాం మామయ్యా. మీ అంకె మరీ ఎక్కువొస్తోంది. చుట్టుపక్కల బోర్లతో పొసగని అంకెని సాఫ్ట్‌వేరు తప్పనుకుని పక్కన పెట్టేస్తుంది."

"ప్రతి నెలా తప్పేనా? ఆ చుట్టుపక్కల బోర్లెక్కడున్నాయి?"

వాడు గొంతు సవరించుకున్నాడు. "గోదాముకి ఎగువన."

"ఎగువవాళ్లు తడవలేదు కాబట్టి దిగువవాడు మునగలేదంటారన్నమాట. మా బోరును మళ్లీ లెక్కలోకి తీసుకో."

మా బోరు పక్కన 'వదిలెయ్' అన్న చిన్న గడిలో టిక్కు తీసేశాడు. గోదాము గోడ దగ్గర ఎర్రచుక్క పుట్టి, మా ఇంటిని మింగి, వీధి చివరిదాకా పాకింది.

వెనక నుంచి వాడి పై ఇంజినీరు గొంతు. "ఆ టిక్కు పెట్టెయ్. ఒక్క బోరు మాట పట్టుకుని గోదాము మూయిస్తామా?"

మేనల్లుడి చెయ్యి మౌసు మీదికి వెళ్లింది.

"పెట్టరా," అన్నాను. "పెట్టి, ఇంటికొచ్చి మా పిల్ల పెదాలకు కూడా పచ్చరంగు పులిమి వెళ్లు."

వాడు టిక్కు పెట్టలేదు. మ్యాపు ప్రింటు తీసి, ఇంజినీరు చూస్తుండగానే నా చేతిలో పెట్టాడు.

మా వీధిలోకొచ్చి కాగితం విప్పి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఈసారి ఏమీ కలపలేదేం తాతా?" అన్నాడు బడ్డీకొట్టువాడు.

"కలపడానికి వాళ్లు చోటుంచలేదురా."

ఎవరూ నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే వీధంతా ఖాళీ బిందెలు పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. ఇంజినీరొచ్చి పక్కకు జరగమన్నాడు.

"మమ్మల్ని పక్కన పెట్టడం నీ సాఫ్ట్‌వేరుకు తేలికే బాబూ," అన్నాను. "నువ్వు మాత్రం ఒక్కొక్కరినీ ఎత్తి పెట్టుకోవాలి."