కడగకూడని సెంటు

స్నానం ముగించి, చేతులను మరొకసారి సబ్బుతో కడిగి, తువాలు పోగైనా అంటకుండా గాలికే ఆరబెట్టుకుంటూ లక్ష్మీపతి తన కోశాగారంలో ప్రవేశించాడు. కోశాగారమనగా అమెరికాలో క్యారీ పట్టణంలోని ఒక అద్దె అపార్ట్‌మెంటులో, ప్రింటరుకూ ఇస్త్రీబల్లకూ నడుమ ఒదిగిన రాతబల్ల. దాని పైసొరుగులో ఒక భూతద్దం, ఒక మెత్తని గుడ్డ, గుండ్రని గుంతలున్న నీలిరంగు అట్టపుస్తకం, ఆకుపచ్చ ముఖమల్ సంచీ ఒకటి ఉంటాయి. ఆఫీసుకు బయలుదేరే ముందు ఆ సంచీలోని నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని కిటికీ వెలుగులో కాసేపు చూడటం ఈ వారమంతా అతడి ప్రాతఃసంధ్య.

ఆ శుక్రవారం సంచీ ఖాళీగా ఉంది.

అతడు సంచీని తిరగేశాడు, సొరుగును పూర్తిగా బయటికి లాగాడు, బల్ల కింద మోకాళ్లమీద పాకాడు. యాభై దాటిన మోకాళ్లు ఆ సాష్టాంగానికి నిరసన తెలిపాయి. నాణెం లేదు.

రాజ్యాలు యుద్ధాలతో మొదలవుతాయని చరిత్రకారులు అంటారు. లక్ష్మీపతి రాజ్యం కరివేపాకుతో మొదలైంది. గడిచిన వసంతంలో ఒక ఆదివారం ఇండియన్ స్టోర్‌లో కార్డు మెషీన్ పనిచేయక, కరివేపాకుకు నోటు ఇచ్చి చిల్లర పుచ్చుకోవలసి వచ్చింది. ఆ చిల్లరలో, డాలరులో నూరోవంతైన సెంటు నాణెం ఒకదాని వెనుక, ఉండవలసిన మందిరం బొమ్మకు బదులు రెండు గోధుమ కంకులున్నాయి. కారు తలుపు సగం తెరిచి, ఒక కాలు బయటే ఉంచి, అతడు పార్కింగ్ లాట్‌లో ఆ కంకులను చూస్తూ ఉండిపోయాడు. తాను పుట్టకముందు ముద్రించిన వస్తువొకటి, ఎన్ని జేబులు తిరిగిందో తెలియదు, ఎవరి అనుమతీ అడగకుండా తన అరచేతిలోకి వచ్చింది. ఈ దేశంలో అతడికి ఉన్నవన్నీ పొడిగింపులు. వీసా పొడిగింపు, లీజు పొడిగింపు, కాంట్రాక్టు పొడిగింపు. గ్రీన్ కార్డు వరుసలో అతడి వంతు ఎప్పటికి వస్తుందో చెప్పడం జ్యోతిష్కులు కూడా మానుకున్నారు. ఆ గోధుమ కంకులు మాత్రం ఏ పొడిగింపూ అక్కరలేకుండా అతడివయ్యాయి.

అటుపిమ్మట బ్యాంకునుంచి కాగితం చుట్టిన సెంట్ల పొట్లాలు తేవడం, డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి కుమ్మరించడం, ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి, కావలసినది దొరికితే తీసుకుని మిగతావి బ్యాంకుకే అప్పగించడం అతడి వారాంతపు దండయాత్రలయ్యాయి. ప్రభుత్వం సెంట్ల ముద్రణ మానుకున్నాకే అతడు వాటిని సేకరించ పూనుకున్నాడు, అస్తమించిన వంశాన్ని వెతుక్కుంటూ వెళ్లిన ఆస్థానకవిలాగా. నీలి పుస్తకంలో ఆ సంవత్సరం అచ్చువేసిన గుంతలో నాణేన్ని పెట్టి బొటనవేలితో నొక్కితే అది టప్పున కూర్చునేది. ఆ చప్పుడు విన్న రోజు అతడు చారు రెండుసార్లు పోయించుకునేవాడు. వేళ్లకు అంటిన రాగి వాసనను భార్య చూడనప్పుడు ఒకసారి పీల్చేవాడు.

భార్య జ్ఞానప్రసూన చూసేది. డాలర్ల దేశానికి వచ్చి పైసలు ఏరుకునే మనిషిని తమ తెనాలి చరిత్రలో ఎరగమని స్నేహితురాళ్లకు ఫోనులో చెప్పేది. చెప్పి, దుప్పటి ఉతికి మడతపెట్టి ఉంచేది.

ఊరి లైబ్రరీలో కూడే నాణేల సంఘంలో లక్ష్మీపతికి గురువు దొరికాడు. ఈశ్వరయ్యగారు కావలి నుంచి ఏనాడో వచ్చి, ఇక్కడి యూనివర్సిటీలో మట్టిని పరిశోధించి, రిటైరై, భార్యను కాటికి సాగనంపి, ఒంటరిగా మిగిలిన శాస్త్రవేత్త. ఆయన గురుకులంలో పాఠ్యగ్రంథం లేదు. వారానికొక నాణెం శిష్యుడి చేతిలో పెట్టేవారు. మరుసటి వారం శిష్యుడు దాన్ని గుప్పిట మూసి, చూడకుండా, వర్ణించాలి. వర్ణన కుదిరితే మరో నాణెం. కుదరకపోతే అదే నాణెం మరో వారం. నిషేధం ఒక్కటే: కడగకూడదు. రాగికి నూరేళ్లమీద పట్టే గోధుమవన్నె మురికి కాదు, దాని చర్మం. తోమితే ఊడివచ్చేది ఆ చర్మమే, మళ్లీ మొలవదు. తోమిన నాణెం మెరుస్తుంది, కాని సేకర్తల పంక్తిలో దానికి ఎవరూ విస్తరి వేయరు.

ఈ వారం నాణేన్ని ఆయన హాస్పిటల్ మంచం మీద నుంచి ఇచ్చారు. అంతకుముందు ఎవరికీ ఇవ్వనిది. అమెరికాలో తన మొదటి చలికాలంలో గది అద్దెకిచ్చిన ముసలావిడ, తన తండ్రి పొగాకు కొట్టంలో దొరికిందంటూ బహూకరించిన ఇండియన్ హెడ్ సెంటు. ఈకల కిరీటం పెట్టుకున్న ఆ తల నిజానికి ఇండియన్‌ది, అంటే ఇక్కడి ఆదివాసిది, కాదు, ఇండియన్ వేషం వేసిన స్వేచ్ఛాదేవిది. ఆ దేవికి కూడా ఇక్కడ సొంత పేరుతో చలామణి కావడం కుదరలేదని ఈశ్వరయ్యగారి వ్యాఖ్యానం. ఆయన కూతురు స్మృతి ఫ్రీమాంట్ నుంచి వచ్చి ఉంది. నాన్న మీ కోసం అడుగుతున్నారనీ, ఈ సాయంత్రమే రమ్మనీ, రేపటి సంగతి డాక్టర్లు చెప్పడం లేదనీ పొద్దునే మెసేజ్ పెట్టింది.

అందుకే లక్ష్మీపతి మోకాళ్ల దుమ్మైనా దులుపుకోకుండా హాల్లోకి వచ్చాడు. అక్కడ వరలక్ష్మీదేవి కొలువుతీరి ఉంది. బియ్యం మీద కలశం, కలశం మీద పసుపు పూసిన కొబ్బరికాయ ముఖం, ముఖానికి జ్ఞానప్రసూన పెళ్లినాటి ముక్కుపుడక. ఆ పాదపీఠంలో, తమలపాకు మీద, అప్పుడే దించిన అరిసెలా ఎర్రగా, నిగనిగలాడుతూ ఒక సెంటు ఉంది.

"చూశారా, ఎలా తేలిందో," అంది జ్ఞానప్రసూన, పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. "బొగ్గుముక్కలా ఉండేది. చింతపండూ ఉప్పూ వేసి నానబెట్టి తోమాను. అంచులే పట్టుకున్నానండోయ్, మీరు చెప్పినట్టే."

"ఎందుకు ప్రసూనా?"

"ఆయనదేగా. పాపం, హాస్పిటల్లో ఉన్నారు. ఆయన వస్తువు ఒకటి అమ్మవారి పాదాల దగ్గరుంటే మంచిదనిపించింది. మకిలిగా ఎలా పెడతాం?"

లక్ష్మీపతి నోరు తెరిచాడు. నాణేల శాస్త్రంలో ఇది బ్రహ్మహత్యతో సమానమని చెప్పడానికి అతడి దగ్గర వాక్యం సిద్ధంగానే ఉంది. కాని ఎదుట నిలిచిన ముఖంలో, వేకువనే లేచి తొమ్మిది రకాల పిండివంటలు చేసి అలసిన ఆ ముఖంలో, ఒక ముసలాయన బతకాలన్న కోరిక తప్ప మరే అపరాధమూ కనబడలేదు. ఇత్తడైనా రాగైనా నల్లబడితే తోముకునే ఇళ్లలో పెరిగినవాళ్లు తాము. అతడి తల్లి అయితే బూడిదతో తోమేది.

"సాయంత్రం ఆయనకు తీసుకెళ్లాలి," అన్నాడు చివరకు.

"రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదండీ. ఆయన పేరు చెప్పి మొక్కి పెట్టాను." ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. "అయినా తీసేస్తానంటే తీయండి."

అతడు తీయలేదు. హారతి కళ్లకద్దుకుని, ఐడీ కార్డు మెడలో వేసుకుని ఆఫీసుకు వెళ్లాడు.

మందుసీసాల మీద అంటించే లేబుళ్లను అచ్చువేసే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం అతడి ఉద్యోగం. పిక్సెల్ పక్కకు జరిగినా అతడి కంటికి ఆనుతుంది. దిద్దే అధికారం మాత్రం అతడిది కాదు. దొరికిన తప్పును సవినయంగా పై వారికి నివేదిస్తే, వారు దానికి ఒక సంఖ్య ప్రసాదిస్తారు. ఇన్నేళ్లలో అతడు వేలాది తప్పులను ఇలా పుట్టించి, నామకరణం చేయించి, అవి తన కళ్లముందే మరుగునపడటం చూశాడు.

ఉదయం మీటింగులో టీమ్ లీడ్ దేదీప్య, అతడికంటే చాలా చిన్నది, హైదరాబాదు పిల్ల, పనికి అడ్డుపడుతున్నవేమైనా ఉన్నాయా అని అందరినీ అడిగినట్టే అతడినీ అడిగింది. "లక్ష్మీపతి గారూ, ఎనీ బ్లాకర్స్?"

"నో బ్లాకర్స్," అన్నాడు లక్ష్మీపతి.

"ఆ బ్రౌన్ లేబుల్ షేడ్ ఇష్యూ ఉంది కదండి, లైట్‌గా వస్తోందని రాశారు. బిజినెస్ వాళ్లు వోంట్ ఫిక్స్ అన్నారు, దిద్దరట. క్లోజ్ చేసేయండి ప్లీజ్."

చేసేశాడు. ఆ తరువాత, తన ఉద్యోగజీవితంలో తొలిసారిగా ఆఫీసు వేళల్లో సొంతపనికి పూనుకుని, తోమిన రాగికి పాత వన్నె తెచ్చే ఉపాయం కోసం ఫోనులో వెతికాడు. దేశం నలుమూలల సేకర్తలు ఇంతకుముందే అడిగి ఉన్నారు. ఒకరు గంధకం రాయమన్నారు, ఒకరు ఉడికించిన గుడ్డు పక్కన డబ్బాలో మూసిపెట్టమన్నారు. వాటన్నిటి కింద ఎవరో అనుభవజ్ఞుడు, రంగు వేసిన శవం శవమేనని రాసి చర్చను ముగించాడు. లక్ష్మీపతి ఫోను బోర్లించి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాడు. అందులోనూ చింతపండే.

సాయంత్రం హాస్పిటల్‌కు వెళ్లేటప్పుడు అతడి చేతిలో ప్రసాదం పొట్లం ఉంది, మనసులో ఒప్పుకోలు ఉంది. దారిపొడవునా ప్రతి రెడ్ లైటు దగ్గరా దాన్ని ఒకసారి వల్లించాడు.

గది బయట స్మృతి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాల్‌ను మ్యూట్ చేసి లేచింది. "అంకుల్, నాన్న వెయిటింగ్ ఉన్నారు. హీ ఈజ్ వెరీ టైర్డ్. లాంగ్ మాట్లాడొద్దు, ఓకే?"

ఈశ్వరయ్యగారు ఎత్తుగా పేర్చిన దిండ్లకు చేరగిలి ఉన్నారు. నిలువెత్తు మనిషి, దుప్పటి కింద ఒక మడతలా మిగిలారు. ముక్కుకు సన్నని గొట్టం. చేతివెనుక చర్మం పల్చబడి, మచ్చలు దేరి, ఎన్నో చేతులు మారిన పాత నోటులా ఉంది. కళ్లు మాత్రం ఇంకా భూతద్దం కావాలనే అడుగుతున్నాయి.

"తెచ్చినావా?"

"ఇంట్లో ఉందండి. మా ఆవిడ వ్రతంలో పెట్టింది. మీ పేరు చెప్పి."

"నా సెంటుకి పూజా?" ఆయన ఛాతీలో ఎక్కడో నవ్వులాంటిది కదిలింది. "పోనీలే. ముసలావిడ కొట్టంలో నూరేళ్లు పొగపెట్టినారు. ఇప్పుడు సాంబ్రాణి."

"మాస్టారూ, మీకొక మాట చెప్పాలి."

"ముందు నాణెం చెప్పు. నీ మాట తరవాత. గుప్పిట ముయ్."

లక్ష్మీపతి ఖాళీ చేతిని చూసుకుని గుప్పిట మూశాడు. ఈశ్వరయ్యగారు కళ్లు మూసుకున్నారు.

మొదట రంగు చెప్పాడు. ముదురు గోధుమరంగు, అయితే అంతటా ఒకటి కాదు. బుగ్గ మీద పలచని డికాషన్, మెడ దగ్గరకు వచ్చేసరికి పొగాకు కాడ. కిరీటం పట్టీ మీది అక్షరాల్లో మొదటి రెండూ అరిగి, తడిమితేనే తెలుస్తాయి. మెడ మీద జారిన రిబ్బను చివర గీసినవాడి పేరులోని ఒక చిన్న అక్షరం ఉంది, వెలుగు పక్కనుంచి పడితేనే కనబడుతుంది. తేదీలో చివరి అంకె కాలు అంచును తాకుతోంది. వెనుక ఓక్ ఆకుల దండ, ముడి దగ్గర ఒక ఆకు మీద వేలిముద్రంత మచ్చ.

"ఈకల మొదట్లో?" అన్నారు ఆయన, కళ్లు తెరవకుండా.

"నీలం." లక్ష్మీపతి మూసిన గుప్పిటను కొంచెం వంచాడు. "పొద్దున కిటికీ దగ్గర పెట్టి, కొంచెం వంచితేనే వస్తుందండి. లేత వంకాయ తొడిమ కింద ఉంటుందే, అలాంటి నీలం. చూస్తుండగానే పోతుంది. మళ్లీ వంచితే మళ్లీ వస్తుంది."

ఆయన కళ్లు తెరిచారు.

"చూసినావబ్బాయ్," అన్నారు ఈశ్వరయ్యగారు. "ఆ నీలం నేను తప్ప ఎవరూ చూడలేదు. మా వాళ్లకిస్తే లాకర్‌లో పెడతారు, దాచుకుంటారు, చూడరు. అది నీ దగ్గరే ఉండనీ." తరవాత, "ఏదో చెప్పాలన్నావు," అన్నారు.

ప్రతి ఒప్పుకోలుకూ ఒక పీఠిక ఉంటుంది. లక్ష్మీపతిది దీర్ఘమైనది. తన భార్య తెనాలి పుట్టింటి ఆచారంతో మొదలై, శ్రావణమాస మహాత్మ్యం మీదుగా, ఆమె ఉద్దేశం ఎంత మంచిదో నిరూపించి, చింతపండు దగ్గరకు రావడానికి ఒక్క అడుగు దూరంలో అతడు తలెత్తి చూశాడు. ఆయన నిద్రపోతున్నారు. పెదవుల మీద ఆ నవ్వులాంటిది ఇంకా ఉంది. నిద్ర లేపి చెప్పదగిన మాట కాదు అది. ప్రసాదం పొట్లం బల్ల మీద పెట్టి, లక్ష్మీపతి అప్పుడు గమనించాడు, తన గుప్పిట ఇంకా మూసే ఉందని.

అపార్ట్‌మెంట్ ముందు కారు ఆపేసరికి ఆకాశంలో ఇంకా వెలుగుంది. ఫోను ఒకసారి వణికింది. నాన్న నిద్రలోనే వెళ్లిపోయారని స్మృతి ఇంగ్లీషులో రాసింది. మీరు వచ్చి వెళ్లాక చాలా ప్రశాంతంగా ఉన్నారనీ, అందుకు థాంక్స్ అనీ రాసింది. అతడు జవాబు రాయబోయి చెరిపేశాడు, మళ్లీ రాసి చెరిపేశాడు. ఇంజను ఆపాక కూడా చాలాసేపు సీటు బెల్టు తీయలేదు.

తలుపు తీస్తూనే జ్ఞానప్రసూన అడిగింది. "ఎలా ఉన్నారు?"

"పోయారు ప్రసూనా."

ఆమె పసుపు చేతులతోనే కుర్చీలో కూర్చుంది. అమ్మవారి వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. "మీతో మాట్లాడారా?"

"మాట్లాడారు. చూశావన్నారు."

"సెంటు అడగలేదూ?"

"నన్నే ఉంచుకోమన్నారు."

"పోనీలెండి," అంది ఆమె, కన్నీళ్లు మోచేత్తో తుడుచుకుంటూ. "శుభ్రంగా ఉన్నప్పుడే ఇచ్చారు."

లక్ష్మీపతి అవునన్నాడు. బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని, వచ్చి పీట ముందు కూర్చున్నాడు. నీలి పుస్తకంలో ఈ నాణేనికి గుంత లేదు. ఆ పుస్తకం తరువాతి కాలపు సెంట్లకు తయారుచేసినది. అలవాటు కొద్దీ అతడు తల కొంచెం వంచి, ఈకల మొదట్లో వెతికాడు.

తమలపాకు మీద, బుగ్గన కుంకుమ చుక్కతో, సెంటు ఏ వైపు నుంచి చూసినా ఒకే ఎరుపుతో, ఎవరి చేతుల్లోనూ ఎన్నడూ పడనట్టు మెరుస్తూ ఉంది.