ఆకు రసం, పళ్ళ రసం

టాకీ మాస్టారు తన జమానాలో యాభై ఏడుసార్లు రింగులోకి దిగి ముప్ఫై ఒక్కమందిని పడగొట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా ఆ ముప్ఫై ఒక్కమందిని ఎలా కొట్టాడో చెబుతూ డబ్బా కొడుతున్నాడు. కొట్టడమైతే ఆగలేదన్నమాట. అక్రా నగరంలో సముద్రపొడ్డున మా బుకోమ్‌లో పిల్లలు అడుగులు వెయ్యడం కంటే ముందే పిడికిలి బిగించడం నేర్చుకుంటారు. అలాంటి ఏడుగురికి ఆయన తన రేకుల షెడ్డులో బాక్సింగ్ నేర్పేవాడు. పేరుకు తగ్గ మనిషి, టాకీ అంటే టాకీయే. దవడ మీద గుద్దు పడుతున్నా డైలాగు ఆపేవాడు కాడు.

అంతటి నోరు ఒక సూదిమొన దగ్గర మూతబడింది.

జాతీయ జూనియర్ జట్టు ఎంపికకు కడగొట్టు కూతురు చోచోను తీసుకెళ్ళాడు. పదహారేళ్ళ పిల్ల. ఎడమచేతి గుద్దు ఒకటి తగిలిందంటే ఎదుటి మనిషికి సొంత పేరు గుర్తుకు రావడానికి గంట పడుతుంది. కానీ ఆ గుద్దు మొదటి రౌండు వరకే. రెండో రౌండుకు రొప్పు తప్ప గుద్దు ఉండదు. అక్కడి డాక్టరమ్మ చోచో కింది రెప్ప లాగి చూసింది, వేలికి సూది గుచ్చింది, ఒంట్లో రక్తం చాల్లేదంది, రింగులోకి పంపనంది. ఆరు వారాల్లో మరో ఎంపిక ఉంది, అదే ఆఖరు. అప్పుడూ ఇలాగే ఉంటే పేరు కొట్టేస్తారు. వచ్చే ఏటికి జూనియర్ల వయసు దాటిపోతుంది.

టాకీ వాదించాడు. వాదన చాలక గోడను గుద్దాడు. గోడకేమీ కాలేదు గానీ వేళ్ళు రెండు విరిగాయి. డాక్టరమ్మ ఆ వేళ్ళకు కట్టు కడుతూనే పిల్లకు మందు చెప్పింది. చేమాకు తెచ్చుకుని, ఉడకబెట్టి, నాలుగు పళ్ళు వేసి, ఒక నారింజ పిండి, మిక్సీలో పచ్చగా తిప్పి రోజూ పెద్ద గ్లాసుడు పట్టించాలి. షెడ్డులో పిల్లలందరికీ పట్టిస్తే మరీ మంచిది. 'ఉడకబెట్టి' అన్నచోట ఆవిడ కట్టు బిగించింది. టాకీ పెట్టిన కేకలో ఆ ఒక్క మాటా కొట్టుకుపోయింది. 'పచ్చగా' మాత్రం మిగిలింది.

బుద్ధెరిగాక టాకీ ఆకు ముట్టిన పాపాన పోలేదు. ఆకును గొర్రె తింటుంది, గొర్రెను నేను తింటాను, గొర్రె పని నేనెందుకు చెయ్యాలి అనేవాడు. అలాంటివాడు మర్నాడు పొద్దున్నే పెళ్ళాం కోర్లే వాకిట్లోకి వెళ్ళి, చెప్పకుండా మిక్సీ చంకన పెట్టుకొచ్చాడు. మా వాళ్ళలో పెళ్ళాం తన పుట్టింటి ఆడవాళ్ళతో ఒక వాకిట్లో, మొగుడు మరో వాకిట్లో ఉంటారు. కాపురాలు నిలబడుతున్నది అందుకే. కోర్లే కెంకే అమ్ముతుంది. పులిసిన మొక్కజొన్నపిండి ముద్దలు, వేయించిన చేప, కారం. ఆవిడ పేరులో ఉన్నవి కోరలే అంటాడు టాకీ, ఆవిడ లేనప్పుడు.

కోసుకొచ్చిన ఆకులు కోసుకొచ్చినట్టే వేశాడు. అరటిపళ్ళు వేశాడు. మిక్సీ పళ్ళు నూరింది, రెండర్థాల్లోనూ. ఏడు గ్లాసులు నింపి, ఏడుగురినీ వరసగా నిలబెట్టి, ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో మింగమన్నాడు. మింగారు.

చేమాకు పచ్చిగా గొంతు దిగితే గోళ్ళు దింపుకుంటూ దిగుతుందని బుకోమ్‌లో ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఏ మగాడికీ తెలుసుకునే అవసరం పడలేదు.

కవలల్లో పెద్దవాడు ఓకో తన గొంతు పట్టుకున్నాడు. చిన్నవాడు అక్వేతే కూడా ఓకో గొంతే పట్టుకున్నాడు, ముందు నువ్వు తాగబట్టే కదా నేను తాగాను అని. ఇంకొకడు బకెట్లో తల ముంచాడు. చోచో నాలుకను గోళ్ళతో గీరుకుంటూ మూలనున్న బల్ల ఎత్తి కన్నతండ్రి మీదకు విసిరింది. బల్ల రెండు ముక్కలైంది, టాకీ కనుబొమ్మ కూడా. ఆ తర్వాత ఏడుగురూ ఆయన మీద పడ్డారు. పొట్టలో, పక్కటెముకల్లో, చెవి వెనక, అన్నీ ఆయన నేర్పిన గుద్దులే, ఒక్కటీ మర్చిపోలేదు. గురువుగా గర్వపడాల్సిన ఘడియే గానీ ఊపిరాడలేదు.

మిక్సీ వెతుక్కుంటూ కోర్లే పిండి కలిపే తెడ్డుతోనే వచ్చింది. ముందు పిల్లల్ని తెడ్డుతో విడదీసింది. తర్వాత ఆ తెడ్డే మొగుడి వీపు మీద విరిచింది. డాక్టరమ్మ చెప్పిన మందు సంగతి చోచో నోట ముందే విని ఉంది. గ్లాసులో అడుగున మిగిలింది వేలితో తీసి వాసన చూసింది.

"పచ్చగా చెయ్యమంటే పచ్చిగా చేశావా? నీ నోటి దురద చాలదని పిల్లలక్కూడా అంటించావా?"

మర్నాడు కోర్లే దగ్గరుండి ఆకు మెత్తగా ఉడికించింది. దురద పోయింది, నమ్మకం కూడా పోయింది. పిల్లలు గ్లాసు ముట్టలేదు. టాకీ రక్తం గురించి అరగంట ఉపన్యాసమిచ్చాడు. చోచో చేతులకు గుడ్డ చుట్టుకుంటూ అంతా విని, చివరికి ఒక్క మాటంది.

"ముందు నువ్వు తాగు నాన్నా. మొహం చిట్లించకుండా."

టాకీ గ్లాసెత్తాడు. మొహం చిట్లలేదు గానీ చిట్లిన కనుబొమ్మ మళ్ళీ చిట్లింది, అంత బలంగా బిగబట్టాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన టాకీ ఎందుకవుతాడు? నోటి దురద. రోజూ ఒక్కొక్కరితో ఒక్కో రౌండు ఆడతానన్నాడు. తిరిగి కొట్టను, కాసుకుంటాను. ఎవరైనా నన్ను కింద కూర్చోబెడితే వాళ్ళు ఇంక జన్మలో ఈ గ్లాసు ముట్టక్కర్లేదు, కూర్చోబెట్టలేకపోతే నాతోపాటు గడగడా తాగాలి. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంత సంతోషంగా వాళ్ళు శిక్షణకు ఎప్పుడూ సిద్ధపడలేదు.

ఆ రోజునుంచి షెడ్డులో రక్తం కోసం రక్తం కారింది. ఓకో ఒక్కో గుద్దూ లెక్కబెట్టి వేసేవాడు. అక్వేతే ఆకు పేరెత్తితే చాలు, పొట్టలో తలతో పొడిచేవాడు. అది బాక్సింగ్ కాదురా అంటే ఇది తాగేది కూడా కాదు కదా మాస్టారూ అనేవాడు. విరిగిన వేళ్ళకు కట్టుతో టాకీ మోచేతులడ్డుపెట్టి నిలబడేవాడు. మొదటివారం పెదవి చీలింది, రెండోవారం ముక్కు కమిలింది, మూడోవారం ఒక కన్ను వంకాయలా ఉబ్బి మూసుకుపోయింది. కూర్చోలేదు. ఏడు రౌండ్లయ్యాక అదే పెదవితో గ్లాసందుకునేవాడు. ఆయన తాగాక పిల్లలు తిట్టుకుంటూ తాగేవాళ్ళు.

ఆ రసం రుచి కుదిర్చింది నాలుక కాదు, గాయాలు. చీలిన పెదవికి అనాస నిప్పులా తగిలింది, అనాస పోయి మామిడి వచ్చింది. అల్లం భగ్గుమంది, అల్లం పోయి వేరుశనగలు వచ్చాయి. నారింజ మాత్రం డాక్టరమ్మ వదలొద్దంది కాబట్టి గాయం లేని మూల నుంచి పోసుకునేవాడు. నాలుగోవారానికి ఒక విచిత్రం జరిగింది. పొద్దున్న లేవగానే టాకీకి ఆ గ్లాసు గుర్తొచ్చింది. గుర్తొచ్చి నోరూరింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. జీవితంలో ఆయన చెప్పకుండా దాచిన మొదటి సంగతి అదే. కోర్లే దగ్గరకెళ్ళి ఉప్పు చూస్తున్నట్టు ఇంకో అరగ్లాసు తాగేవాడు. ఆవిడ చూసీ చూడనట్టు పోసేది.

ఐదోవారం చోచో ఎడమచేత్తో కొడితే గుద్దుల సంచీ పగిలింది. ఇసుక బదులు కుళ్ళిన ఆకుపచ్చ బురద భళ్ళున టాకీ నెత్తిమీద పడింది. కవలలిద్దరూ నెలరోజులుగా తమ గ్లాసులు ఆ సంచీ కుట్టులోంచి లోపల పోస్తున్నారు. టాకీ వాళ్ళిద్దరి తలకాయలూ ఒకదానికొకటి ఠంగుమని కొట్టించాడు. వాళ్ళు ఆయన చెరో చెయ్యీ కొరికారు. అంత గొడవలోనూ టాకీ మనసు ఒకచోట ఆగింది. పదేళ్ళుగా పగలని సంచీ. అదీ మూడో రౌండులో. పిల్లకు రొప్పు లేదు.

ఎంపికకు ఐదు రోజులుందనగా చోచో వంతు వచ్చింది. టాకీ ఎప్పటిలా మోచేతులడ్డుపెట్టి, ఎప్పటిలా వాగుతున్నాడు. నీ గుద్దు దోమ కుట్టినట్టుందే, మీ అమ్మ తెడ్డు నయమే అంటున్నాడు. 'నయమే'లో నోరు తెరుచుకుని ఉండగా కింది నుంచి ఎడమచెయ్యి వచ్చింది. దవడ టప్పుమన్న చప్పుడు వీధిలో చేపలు కడిగే వాళ్ళకు కూడా వినబడింది. టాకీ కూర్చోలేదు. పడుకున్నాడు.

లేచేసరికి కూతురి పంతం నెగ్గిందీ తెలియదు, దంతాలు పోయిందీ తెలియదు. పక్కన ఆయన గ్లాసు ఆకుపచ్చగా ఉంది, అందులో రెండు తెల్లగా తేలి మునుగుతున్నాయి. కోర్లే తొంగి చూసింది.

"పళ్ళు ఇంకో రెండు ఎక్కువ పడ్డట్టున్నాయి."

ఆసుపత్రిలో పై దవడనూ కింది దవడనూ కలిపి తీగలతో బిగించారు. ఆరు వారాలు నమలడం లేదు, మాట లేదు, స్ట్రాతో పీల్చడమే. టాకీ కాస్తా మూకీ అయ్యాడు. వార్త విని బుకోమ్‌లో ఇద్దరు ముగ్గురు నిజంగా చప్పట్లు కొట్టారు.

కానీ టాకీ గుండెలో రాయి పడింది. చోచో పడగొట్టింది, పందెం ప్రకారం ఇంక తాగక్కర్లేదు. పరీక్షకు ఐదు రోజులు. ఈ ఐదు రోజుల్లో మళ్ళీ రెప్ప తెల్లబడితే పేరు కొట్టేస్తారు. బతిమాలదామంటే నోరు లేదు, రాద్దామంటే వేళ్ళకు కట్టు. నాలుగేళ్ళ కష్టం ఒక మాట దూరంలో ఉంది, ఆ మాటే ఆయన దగ్గర లేదు.

మొదటిరోజు చోచో ఆయన మంచం పక్కనే కూర్చుని కెంకే తింది, చేప తింది, గ్లాసు వైపు చూడలేదు. రెండోరోజు కోర్లే ఒక్క గ్లాసే తెచ్చింది. టాకీ స్ట్రా పెట్టి పీల్చాడు. కళ్ళు మూతబడ్డాయి. మామిడి, వేరుశనగ, అడుగున ఆకు కమ్మదనం. చెప్పడానికి మాట లేదు, అందుకే రుచి మొత్తం లోపలే ఉండిపోయింది. చోచో చాలాసేపు చూసింది.

"అంత బాగుందా?"

టాకీ గ్లాసు గుండెకు ఆనించుకుని అటు తిరిగి పీల్చాడు, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు. నటన కాదు. నిజంగానే ఆయనకు ఆకలిగా ఉంది.

చోచో లేచి, భుజం పట్టి ఇటు తిప్పి, గ్లాసు లాక్కుంది. టాకీ వదల్లేదు. తీగల మధ్యనుంచి గుర్రుమన్నాడు. ఆమె ఆయన ముంజేతి మీద ఒక గుద్దు వేసింది. వదిలాడు. ఆమె సగం తాగి, పెదాలు తుడుచుకుంది.

"నువ్వు వాగకుండా ఉంటే ఇందులో చేదు లేదు నాన్నా."

అప్పుడు అర్థమైంది టాకీకి, ఇన్నాళ్ళూ గ్లాసులో చేదు ఏమిటో. మూడోరోజు నుంచి కోర్లే రెండు గ్లాసులు తెచ్చింది, టాకీ రెండింట్లోనూ స్ట్రా పెట్టేవాడు. కవలలు కూడా వచ్చి, ఎవరూ అడక్కుండానే తాగి, ఎవరూ ఏమీ అనకపోవడంతో కంగారుపడి ఇంకో గ్లాసు తాగారు.

ఎంపిక రోజున డాక్టరమ్మ చోచో రెప్ప లాగింది, సూది గుచ్చింది, అంకె చూసింది. టాకీ వైపు తిరిగి, ఈసారి గోడను గుద్దే పని లేదంది.

ఎదురు పిల్ల కుమాసీ పట్నం నుంచి వచ్చింది. తలుపంత మనిషి. మొదటి రౌండులో చోచోను తాళ్ళ దాకా తోసి పక్కటెముకలు కుళ్ళబొడిచింది. రెండో రౌండులో ముక్కు మీద వేసింది. రక్తం గడ్డం దాకా, మెడ దాకా, చొక్కా దాకా దిగింది. జనం లేచి నిలబడి మూలనున్న తండ్రి వైపు చూశారు, తువ్వాలు విసురుతాడేమోనని. ఆ తండ్రి తీగలన్నీ మెరిసేలా నవ్వుతున్నాడు. ఆరు వారాల కింద సూదిమొనకు సరిగా దొరకని రక్తం ఇవాళ చొక్కాకు సరిపడా ఉంది. పిల్ల ఇంకా నిలబడే ఉంది. రొప్పడం లేదు.

మూడో రౌండులో ఎడమచెయ్యి కింది నుంచి వచ్చింది. ఆ గుద్దు సంగతి టాకీకి తెలుసు. కుమాసీ పిల్ల మోకాళ్ళ మీద పడి, తర్వాత మొహం మీద పడింది. పది లెక్కపెట్టినా లేవలేదు.

చోచో వచ్చి మూలన స్టూలు మీద కూలబడింది. టాకీ తువ్వాలుతో ముక్కు అదిమాడు. తువ్వాలు ఎర్రబడింది. దాన్ని ఎత్తి జనానికి చూపించాడు, కప్పు గెలిచినవాడిలా. చెప్పడానికి వెయ్యి మాటలు గొంతుదాకా వచ్చి తీగల దగ్గర ఆగిపోయాయి.

"నవ్వకు నాన్నా, తీగలు తెగుతాయి," అంది చోచో. "ఇంటికెళ్ళాక నా గ్లాసు నాకు వేరే పెట్టించు. నీ ఎంగిలి తాగను."